మడవ కట్టేసే వేళ

మా ఊళ్లో వంతు నీళ్లు రాత్రిపూట వచ్చేవి. నాకు పద్నాలుగు పదిహేనేళ్లప్పుడు పొలం గట్టున నులక మంచం వేసి నన్ను కాపలా పడుకోబెట్టేవారు. మా నాన్న చెప్పే మాట ఒకటే: "మడవ తీసి పడుకోరా, తెల్లారి నేనొచ్చి కడతాను." తెల్లారేసరికి మా మడి నిండేది, కింది మడీ నిండేది, ఆ కింద మురుగు కాలువలో నీళ్ల గలగల వినిపించేది. వేకువన అటుగా వెళ్లే బాబాయి "ఏరా అబ్బాయ్, మడవ ఇంకా కట్టలేదా?" అంటే, "ఏం పోయింది బాబాయ్, కాలువ నీళ్లేగా" అనేవాణ్ణి.

ఆ మాట తప్పని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. నేను నిద్రపోయిన ఆ నాలుగైదు గంటల నీళ్లు ఊరికే పోలేదు. మా నేలలోని ఉప్పును కరిగించుకుని, ఎరువు సారాన్నీ వెంటబెట్టుకుని, కింది ఊళ్ల వైపు వెళ్లాయి. ఈ అధ్యాయంలో మీకు నేర్పదలచుకున్న విద్య చిన్నది. నీళ్లు పెట్టడం మనందరికీ వచ్చు; ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడమే ఆ విద్య. దాని మీద మీ పొలం బాగు ఎంత ఆధారపడి ఉందో, మీరెప్పుడూ చూడని మనుషుల బతుకూ అంతే ఆధారపడి ఉంది.

ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. ఎకరం నేల మీద అడుగు లోతు నీరు నిలిపితే అది సుమారు 12 లక్షల 33 వేల లీటర్లు. ఆ నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాముల ఉప్పు ఉందనుకోండి. నాలుక మీద వేసుకుంటే తేడా పెద్దగా తెలియదు, మంచినీళ్లే అంటాం. కానీ ఎకరానికి లెక్కగడితే అది 600 కిలోలు దాటుతుంది. అంటే 50 కిలోల బస్తాలు పన్నెండు, అదీ ఒక్క అడుగు నీటితోనే. మొక్క నీటిని తాగుతుంది గానీ ఉప్పును దాదాపుగా ముట్టుకోదు. ఎండ కూడా నీటినే లాక్కుపోతుంది. మీరు పెట్టిన నీటిలో సగం మొక్కకూ ఎండకూ పోతే, మిగిలిన సగంలో మొత్తం ఉప్పు ఉంటుంది. నీరు సగమైంది కాబట్టి దాని ఉప్పదనం రెట్టింపవుతుంది. ఆ నీరు వేళ్ల కిందికి దిగి, ఊటగా మారి, వాగులో కలిసి, చివరికి నదిని చేరుతుంది. అక్కడ దిగువ రైతు దాన్ని తోడి మళ్లీ పొలానికి పెడతాడు. అతని పొలంలోనూ ఇదే జరుగుతుంది. నది ఒకటే అయినా కిందికి పోయేకొద్దీ ఉప్పు చిక్కబడడానికి కారణమిది.

దీనికి తోడు, నేలలోనే పాత ఉప్పు పాతుకుని ఉంటే మన నీరు దాన్ని తవ్వి తెచ్చినట్టవుతుంది. ఈ రెండో సంగతి ఎంత పెద్దదో చూడాలంటే అమెరికాలోని కొలరాడో నది దగ్గరికి వెళ్లాలి.

ఆ నది రాకీ పర్వతాల మంచు కరిగిన నీటితో మొదలవుతుంది. అమెరికాలో ఏడు రాష్ట్రాలు, ఆ తర్వాత మెక్సికో దాని మీద బతుకుతున్నాయి. సుమారు 4 కోట్ల మందికి తాగునీరు అదే. ఎగువన గ్రాండ్ వ్యాలీ అనే లోయ ఉంది, గ్రాండ్ జంక్షన్ పట్నం ఉన్న చోటు. పక్కనే ఉన్న పాలిసేడ్‌లో పీచ్ పళ్లు బాగా పండుతాయి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కాలువలు తవ్వి ఆ ఎడారి నేలను సాగులోకి తెచ్చారు. అయితే ఆ లోయ అడుగున మాంకోస్ షేల్ అనే పొరల రాయి ఉంది. కోట్ల ఏళ్ల కిందట అక్కడ సముద్రం ఉండేది, ఆ సముద్రం అడుగు బురదే గట్టిపడి రాయైంది. దానిలో సముద్రపు ఉప్పు ఇంకా అలాగే ఉంది. మట్టి కాలువల్లోంచి ఇంకిన నీరు, బోదెల్లో పొంగి పొర్లిన నీరు ఆ రాతి మీద జారుతూ ఉప్పును కరిగించుకుని నదిలోకి దిగేది. ఆ ఒక్క లోయ నుంచే ఏటా సుమారు 5 లక్షల 80 వేల టన్నుల ఉప్పు నదిలో కలుస్తోందని లెక్క తేల్చారు.

ఆ రైతులెవరూ చెడ్డవాళ్లు కారు. వాళ్లకు వంతు నీళ్లు వచ్చేవి, వాళ్లూ మాలాగే మడవ తీసి పడుకునేవాళ్లు.

నది చివర జరిగింది మాత్రం చాలా దారుణం. సరిహద్దు అవతల మెక్సికోలోని మెహికాలీ లోయ మంచి సాగునేల. 1944 నాటి ఒప్పందం ప్రకారం మెక్సికోకు ఏటా 15 లక్షల ఎకరాల-అడుగుల నీరు రావాలి. ఆ ఒప్పందంలో నీరు ఎంత అన్నది ఉంది గానీ ఎలాంటి నీరు అన్నది తేటగా లేదు. సరిహద్దుకు ఇవతల అరిజోనాలో వెల్టన్-మోహాక్ అనే సాగు ప్రాంతం ఉంది. కొలరాడో నీళ్లు తెచ్చి పెట్టేసరికి అక్కడ భూగర్భజలం పైకి ఉబికి, వేళ్లను ముంచసాగింది. పంట పోతుందన్న భయంతో బావులు తవ్వి, ఆ అడుగు నీటిని తోడి 1961లో నదిలోకి వదలడం మొదలుపెట్టారు. అది మామూలు నీరు కాదు, గట్టి ఉప్పునీరు. మెక్సికోకు వెళ్లే నీటి ఉప్పదనం లీటరుకు సుమారు 800 మిల్లీగ్రాముల నుంచి 1500 దాకా ఎగబాకింది. మెహికాలీలో పైరు మాడిపోయింది, రైతులు రోడ్డెక్కారు. రెండు దేశాల మధ్య అది పెద్ద తగాదా అయింది. చివరికి 1973లో మినిట్ 242 అనే ఒడంబడిక కుదిరింది. అమెరికాలోని ఇంపీరియల్ డ్యామ్ దగ్గరి నీటి కంటే మెక్సికోకు ఇచ్చే నీరు ఏడాది సగటున లీటరుకు సుమారు 115 మిల్లీగ్రాముల కంటే, అటూ ఇటూ 30 తేడాతో, ఎక్కువ ఉప్పగా ఉండకూడదని రాసుకున్నారు. మరుసటి ఏడాదే, 1974లో, కొలరాడో నదిలో ఉప్పు తగ్గించడానికి అమెరికా చట్టం చేసింది.

ఆ తర్వాత వాళ్లు నడిచిన రెండు దారులు మనకు పాఠం. మొదటిది యంత్రం దారి. యూమా దగ్గర నీటిలోంచి ఉప్పు తీసే పెద్ద కర్మాగారం కట్టారు. 1992లో పూర్తయింది, కొద్ది నెలలు నడిచింది, వరదలకు కాలువ దెబ్బతిని ఆగింది. ఆ తర్వాత ఒకటి రెండు సార్లు పరీక్షగా నడిపారు తప్ప అది ఎక్కువ కాలం ఖాళీగానే ఉంది. కొలరాడో రాష్ట్రంలోని పారడాక్స్ లోయలో మరో ప్రయత్నం చేశారు. కొలరాడో ఉపనదిలోకి ఊరే ఉప్పునీటిని ముందే పట్టి, నాలుగు కిలోమీటర్లకు పైగా లోతున్న బావిలోకి ఒత్తిడితో పంపారు. అది ఏళ్ల తరబడి బాగానే పనిచేసింది గానీ భూమి కంపించడం మొదలైంది, 2019లో 4.5 తీవ్రత భూకంపం వచ్చాక కొన్నేళ్లు ఆపేశారు.

రెండోది పొలం దారి. గ్రాండ్ వ్యాలీలో, ఉటా రాష్ట్రంలోని యుంటా లోయలో, ఇంకా ఎన్నో చోట్ల మట్టి కాలువలకు గచ్చు చేశారు, పిల్లకాలువలను గొట్టాల్లో పెట్టారు. పొలాల్లో పనికి 1984 సవరణ తర్వాత వ్యవసాయ శాఖ దిగింది. ఖర్చులో కొంత ప్రభుత్వం, కొంత రైతు భరించారు. ఎగుడుదిగుడు నేలలను చదును చేశారు, బోదెబోదెకూ చిన్న తలుపులున్న గొట్టాలు వేశారు, స్ప్రింక్లర్లు, డ్రిప్పు వచ్చాయి. కాలువల గచ్చు, గొట్టాలు, పొలాల మెరుగుదల, ఉప్పు ఊటల్ని పట్టడం ఇవన్నీ కలిపి నదిలో కలవకుండా ఆపుతున్న ఉప్పు ఇప్పుడు ఏటా పది లక్షల టన్నులు దాటింది. ఇందులో నన్ను కదిలించేది ఆ అంకె ఒక్కటే కాదు. అందులో చెప్పుకోదగ్గ భాగం వేలమంది రైతులు తమ తమ పొలాల్లో నీటిని అదుపులో పెట్టడం వల్ల వచ్చింది.

ఇనుపకడ్డీ పాఠం

ఇక మీ పొలానికి వద్దాం. మొదటి పనికి పైసా ఖర్చు లేదు. మూడు నాలుగడుగుల ఇనుపకడ్డీ, బొటనవేలంత లావు లేనిది, ఒకటి తెచ్చుకోండి. ఆరుతడి పంటకు నీరు పెట్టిన మర్నాడు పొలంలోకి వెళ్లి చేతి బలంతో దాన్ని నేలలోకి గుచ్చండి. తడిసినంత మేర వెన్నలో దిగినట్టు దిగుతుంది, పొడినేల తగలగానే ఆగిపోతుంది. ఎంత దిగిందో గుర్తు పెట్టుకోండి. మీ మిరప వేళ్లు అడుగున్నర, రెండడుగులే ఉండి, కడ్డీ మూడున్నర అడుగులు దిగిందంటే మిగతా నీరు మీ పంటకు పెట్టినది కాదు. అది కింది నదికి పంపిన నీరు, మీ డబ్బుతో, మీ కరెంటుతో, మీ ఎరువుతో సహా.

ఈ పని ఒక్క చోట చేసి ఊరుకోకండి. బోదె తలలో గుచ్చండి, మధ్యలో గుచ్చండి, చివర గుచ్చండి. దాదాపు ప్రతి పొలంలోనూ తలలో లోతుగా, చివర పైపైన దిగుతుంది. కారణం మీకు తెలిసిందే: నీరు చివరికి చేరేదాకా తలలో ఇంకుతూనే ఉంటుంది. చివరి మొక్క తడవాలని ఆగితే మొదటి మొక్క మునుగుతుంది. దీనికి పాత అనుభవజ్ఞులు ఒక కొలత చెబుతారు. నీరు పెట్టే మొత్తం సమయంలో నాలుగో వంతులోపే నీరు బోదె చివరికి చేరాలి. అంటే నాలుగు గంటలు పెడితే గంటలో చేరాలి. చేరడం లేదంటే మీ బోదె పొడవెక్కువైనా అయ్యుండాలి, నేల ఎగుడుదిగుడైనా అయ్యుండాలి, తూములోంచి వచ్చే ధార చాలకైనా ఉండాలి. పొడవైన బోదెను మధ్యలో రెండుగా విరిచేసినా సగం సమస్య తీరుతుంది.

అమెరికా రైతులు ఇక్కడ ఒక చిట్కా వాడతారు, మనకూ పనికొస్తుంది. నీటిని ఒకే బిగువున వదలకుండా విడతలుగా వదులుతారు. కాసేపు ఈ బోదెల్లోకి, తర్వాత పక్క బోదెల్లోకి, మళ్లీ ఈ వైపుకి. మొదటి విడతలో తడిసిన నేల పైపొర కాస్త ఆరేలోగా సర్దుకుని మూసుకుంటుంది. రెండో విడత నీరు ఆ తడిసిన దారిన ఇంకకుండా జారి గబగబా చివరికి చేరుతుంది. తల దగ్గర లోతుకు ఇంకడం తగ్గుతుంది. వాళ్లు దీనికి ఒక కవాటం బిగిస్తారు. మనం మడవ తీసి కట్టి చేయవచ్చు. కాకపోతే మంచం మీద పడుకుంటే కుదరదు.

లేజర్ చదునుకు ట్రాక్టరు అద్దెకు దొరుకుతుంటే ఒక్కసారి చేయించుకోండి. ఎత్తు మీది మొక్క తడవాలని పల్లంలో నీళ్లు నిలబెట్టడం ఆగిపోతుంది. ఈ అధ్యాయంలోని పనుల్లో డబ్బు పెట్టదగింది ఏదని అడిగితే నేను మొదట చెప్పేది ఇదే, డ్రిప్పు కంటే ముందు.

ఎంత కడగాలి

ఇక్కడ ఒక సందేహం రావాలి, రాకపోతే మీరు జాగ్రత్తగా చదవడం లేదన్నమాట. నీరు తక్కువ పెడితే ఉప్పు వేళ్ల దగ్గరే పేరుకుపోదా? పేరుకుంటుంది. అందుకే వేళ్ల మేర నుంచి కొంత నీరు కిందికి దిగి ఉప్పును కడగాలి. కొంతే. ఆ కొంత ఎంతో తెలియక మనం అడ్డంగా పెట్టేస్తున్నాం.

దానికి ఒక లెక్క ఉంది, భయపడకండి. నీటి ఉప్పదనాన్ని ఈసీ అనే కొలతలో చెబుతారు, యూనిట్ మీటరుకు ఇన్ని డెసీసైమన్లు. లీటరుకు సుమారు 640 మిల్లీగ్రాముల ఉప్పుంటే ఈసీ ఒకటి. ప్రతి పంటా నేలలో ఎంత ఈసీ దాకా దిగుబడి తగ్గకుండా తట్టుకుంటుందో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అంకెలు ఇచ్చింది: మిరప 1.5, మొక్కజొన్న 1.7, టమాటా 2.5, వరి 3, వేరుశనగ 3.2, పత్తి 7.7. మీ పంట అంకెను ఐదుతో గుణించి, అందులోంచి మీ నీటి ఈసీని తీసేయండి. వచ్చిన దానితో మీ నీటి ఈసీని భాగించండి. అదే కడగడానికి కావలసిన నీటి భాగం.

మీ బోరు నీటి ఈసీ 1 అనుకుందాం. మిరపకు 1.5 ఐదుసార్లు 7.5, అందులో 1 తీస్తే 6.5, ఒకటిని 6.5తో భాగిస్తే నూటికి 15 పాళ్లు. పత్తికి 7.7 ఐదుసార్లు 38.5, ఒకటి తీస్తే 37.5, నూటికి మూడు పాళ్లు కూడా కాదు. అదే నీరు, అదే నేల, పంట మారితే కడగవలసింది సుమారు ఆరో వంతుకు పడిపోయింది. బోదెల్లో ఎడాపెడా పెట్టే నీటిలో లోతుకు ఇంకిపోయే భాగం తరచుగా దీనికి ఎంతో మించి ఉంటుంది. పైగా మన దగ్గర వానాకాలం ఆ కడుగుడు పని చాలావరకు ఉచితంగా చేసిపెడుతుంది. కాబట్టి ప్రతి తడితోనూ కడగక్కర్లేదు. పంటకాలం చివర నేల పరీక్ష చేయించి, ఉప్పు పెరిగిందని తేలితే అప్పుడు ఒకసారి కడిగితే సరిపోతుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. సోడియం పట్టిన కారుచౌడు నేలను వట్టి నీళ్లతో కడిగితే అది మరింత బిగిసిపోతుంది. అక్కడ ముందు జిప్సం వేయాలి, జీలుగ దున్నాలి. ఏ చౌడో పరీక్షలో తేల్చుకున్నాకే నీళ్లు పెట్టండి.

డ్రిప్పు ఉన్నవాళ్లకు ఒక మాట. డ్రిప్పు దగ్గర ఉప్పు తడి గుండ్రం అంచుకు వెళ్లి కూర్చుంటుంది. చినుకులు పడగానే సంతోషపడి మోటారు ఆపేస్తే, ఆ చిన్న వాన అంచున ఉన్న ఉప్పును తెచ్చి వేళ్ల మీద పోస్తుంది. ఉప్పునీటి బోరు అయితే చిరుజల్లులప్పుడు డ్రిప్పు నడుస్తూనే ఉండాలి. బోదెల్లో ఉప్పు కట్ట నడినెత్తికి ఎక్కుతుంది, అక్కడే విత్తితే మొలక మాడుతుంది. కట్ట వాలులో విత్తండి. బోదె విడిచి బోదెకు పెడితే ఉప్పు తడవని వైపుకు జరుగుతుంది, నీరూ మిగులుతుంది.

వరికి ఆరబెట్టి తడిపే పద్ధతి అందరికీ చెబుతున్నారు. చిల్లుల గొట్టం ఒకటి నేలలో పాతి, నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ పెట్టడం, పూత దశలో మాత్రం ఆరనీయకపోవడం. మంచి నేలల్లో చేయండి. చౌడు నేలలో చేయకండి. ఆరే నేల అడుగు ఉప్పును పైకి పీల్చుకుంటుంది.

మన కింద ఎవరున్నారు

కృష్ణా, గోదావరి డెల్టాల్లో శివారు రైతుకు ఈ బాధ చెప్పక్కర్లేదు. ఒకవైపు సముద్రం, మరోవైపు చేపల, రొయ్యల చెరువుల నీరు, మధ్యలో పూడిన మురుగు కాలువ. బాపట్లలో ఉప్పు నేలల మీద, ఉప్పునీటి వాడకం మీద పరిశోధన ఎన్నో ఏళ్లుగా సాగుతోంది. తీరపు ఇసుక నేలల్లో ఉప్పునీటి మీద తేలే మంచినీటి పొరను మాత్రమే మెల్లగా తోడుకునే పాత దొరువు పద్ధతిని అక్కడివాళ్లు మెరుగుపరిచారు. గట్టిగా తోడితే కింది ఉప్పు పైకి ఉబుకుతుంది కాబట్టి, అక్కడా ఆపడం తెలిసినవాడికే మంచినీరు దక్కుతుంది. కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఉప్పుగుండూరులో నేలకింద చిల్లుల గొట్టాలు పరిచి అదనపు నీటిని, ఉప్పును లాగేసే ప్రయోగమూ జరిగింది. అయితే ఒకటి ఆలోచించండి. సముద్రం పక్కన లాగిన ఉప్పునీరు సముద్రంలోకి పోతుంది. అదే పని ఎగువ ప్రాంతంలో చేసి వాగులోకి వదిలితే మనమూ వెల్టన్-మోహాక్ కథే మళ్లీ రాసినవాళ్లం అవుతాం. ఎగువన ఉన్నవాడికి లాగడం కంటే ఇంకనీయకపోవడమే మేలు.

ఆస్ట్రేలియాలో ముర్రే నది మీద ఆధారపడ్డ రాష్ట్రాలు 1988 నుంచి ఒక పద్ధతి పాటిస్తున్నాయి. ఎవరి పని వల్ల నదిలో ఉప్పు పెరిగితే వాళ్ల ఖాతాలో అప్పు, తగ్గితే జమ. మోర్గన్ అనే ఊరి దగ్గర నది ఉప్పదనం నూటికి 95 పాళ్ల కాలం సెంటీమీటరుకు 800 మైక్రోసైమన్ల లోపు, అంటే మన లెక్కలో 0.8 ఈసీ లోపు ఉండాలన్నది వాళ్లు పెట్టుకున్న గురి. రాష్ట్రాలు చేస్తున్న పనిని మీరు మీ పది ఎకరాలకు చేసుకోవచ్చు. చేతిలో పట్టే ఈసీ మీటరు ఒకటి కొనండి, లేదా నలుగురు రైతులు కలిసి కొనుక్కోండి.

పై నుంచి మీ పొలంలోకి వచ్చే తూము దగ్గర నీరు, మీ పొలం దాటి మురుగు కాలువలో పడే నీరు, ఈ రెండూ కొలవాలి. సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి, ఉపరితలం మీది నురగ రాకుండా కాస్త లోపలి నుంచి పట్టండి. ఎండలో పెట్టకండి. ఈసీతో పాటు ఆ రోజు తేదీ, ఎన్ని గంటలు నీరు పెట్టారో, మడవ ఎప్పుడు తీశారో, ఎప్పుడు కట్టారో ఒక పుస్తకంలో రాయండి. పంట మొదట్లో ఒకసారి, నడుమ రెండుసార్లు, కోతకు ముందు ఒకసారి. రెండు అంకెల మధ్య తేడా ఎక్కువైన వారం ఏ రాత్రి నిద్రపోయారో పుస్తకమే చెబుతుంది. వచ్చే వంతుకు గడియారం అలారం పెట్టుకుని, ఒక గంట ముందే లేచి మడవ కట్టి, మర్నాడు కడ్డీ గుచ్చి చూడండి. కడ్డీ వేళ్ల లోతుకు వచ్చి ఆగితే ఇకపై ఆ గంట తగ్గించే నీరు పెట్టండి. ఇంకా కిందికి దిగితే ఇంకో అరగంట తగ్గించండి. ఆ తర్వాత గట్టు దిగి, మీ మురుగు కాలువ నీళ్లతో మడి తడుపుకునే కింది పొలం పెద్దాయనను అడగండి: "పెదనాన్నా, ఈ ఏడు మీ మళ్లలో చౌడు ఎంతమేర తేలింది?" ఆయన చూపించిన చోట ఒక కర్ర పాతి రండి. వచ్చే ఏడాది మళ్లీ అక్కడికే వెళ్లి చూడాలి.